బరువెక్కిన గుండు

ఊరి నడిబొడ్డున ఉన్న గడియార స్తంభానికి కీ ఇచ్చే మనిషిని అందరూ గంటలాయన అంటారు. కీ ఇవ్వడమంటే వేళ్ళతో తిప్పేదనుకునేరు! మెట్లన్నీ ఎక్కి, ఇనప పిడి తిప్పుతూ, కింద వేలాడే పెద్ద ఇనప గుండు పైదాకా వచ్చేలా తాడు చుట్టాలి. గుండు అడుక్కి దిగిందా, గడియారం ఆగినట్టే. ఆయన హయాంలో అది ఆగింది లేదు. పెళ్ళి రోజు కూడా ముందు కీ ఇచ్చాకే పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళాడు. భార్య ఇప్పటికీ ఆ మాట దెప్పుతుంది.

అలాంటిది ఈమధ్య పిడి తిరగనంటోంది. జబ్బలు, తొడలు చితక్కొట్టినట్టు నొప్పి. అయినా తన ఒంటి మీద అనుమానమే రాలేదు చూడండి! గుండు బరువెక్కిందని తేల్చేశాడు. ఇనుము బరువెక్కడమేమిటి, విడ్డూరం కాకపోతే! పళ్ళచక్రాలకు గ్రీజు మీద గ్రీజు పూశాడు. ఊహూఁ, లాభం లేదు.

ఓ మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చేసరికి ఆయన చెమటలు కక్కుతూ కూలబడి ఉన్నాడు. ఆవిడ క్యారేజీ పక్కన పెట్టి పిడి తిప్పింది. గుండు చక్కగా పైకొచ్చింది.

"ఇంతేనా? దీనికేనా ఇన్నేళ్ళ బిల్డప్పు?"

ఆయన నవ్వలేదు. "నా పని అయిపోయిందే. రేపు తాళంచెవి ఇచ్చేస్తా."

"ముసలితనం మొన్ననే ఊడిపడిందా? ఆ కొలెస్ట్రాల్ బిళ్ళ మొదలెట్టాకే కదూ మీ మూలుగు? పదండి, అడుగుదాం."

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. "కొందరికి ఈ మందుతో కండరాల నొప్పులొస్తాయండీ. కొన్నాళ్ళు ఆపి చూద్దాం. తర్వాత వేరే రకం ఇస్తాను. మీ అంతట మీరు మాత్రం ఏదీ మానొద్దు."

ఇంటికొచ్చి ఆయన బిళ్ళను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. గోరంత లేదు! గుండె కోసం మింగితే జబ్బల దాకా ఏ దారిన పోయింది? స్తంభంలో ప్రతి చక్రమూ తెలిసినవాడికి తన చర్మం కింద ఏం తిరుగుతోందో తెలియదు.

మందు ఆపిన ఆ రోజులన్నీ ఆవిడే కీ ఇచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చుని నోరెళ్ళబెట్టి చూసేవాడు. కంచం అందించే చేతుల్లో ఇంత బలముందా!

నొప్పులు పోయాక మళ్ళీ పిడి పట్టాడు. తిరిగింది. గుండు ఎప్పటి బరువే. "ఊరికే నిన్నాడిపోసుకున్నాను," అని ఇనుమును నిమిరాడు. గుండు పైకి చేరబోతుండగా ఆగి, వెనక నిలబడ్డ భార్య కోసం పక్కకు జరిగాడు.

"రా. ఆఖరి చుట్టు నీది."

"పెళ్ళినాటి బాకీ తీరుస్తున్నారా?" అంటూనే ఆవిడ పిడి మీద చెయ్యి వేసింది. ఆ చేతి మీద ఆయన తన చెయ్యి వేశాడు.