అమ్మ కూర్చునేదాకా ఆగే పెట్టె

మా వీధికి కేబుల్ కనెక్షన్లు ఇచ్చే మనిషి, డిష్షులు వచ్చాక వాటికి ఏజెంటు అయ్యాడు. ఒక ఆదివారం ప్యాకేజీల కాగితం పట్టుకుని, గాజువాకలో మేము అద్దెకున్న వాటా అరుగు మీద కూర్చున్నాడు.

"సీరియళ్ళకొకటి, క్రికెట్‌కొకటి, రెండూ కావాలంటే పెద్దది. ఏది రాసీమంటావు బావా?"

"ఏదీ వద్దు."

"దివాణం గోరి కంటికి మా ప్యాకేజీలు ఆనవేటి?"

భీమిలిలో మా తాతగారి ఇంటిని ఊళ్ళో దివాణం అనేవారు. అది చేతులు మారి చాలా కాలమైంది. నేను పోర్టులో గుమస్తాను. ఆ మాటతో నన్ను గుచ్చాలని చూసినవాళ్ళకు నేను ఎప్పుడూ తల దించలేదు. అవును, ఆ ఇంటివాణ్ణే. నెల తిరిగేసరికి చందా అందలేదని నల్లబడిపోయే తెర నా గదిలో ఉన్నా నాది కాదనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

అంతకన్నా పెద్ద కారణం మా అమ్మ. ఆమెకు క్రికెట్ అంటే ప్రాణం. భీమిలిలో ఉండగా రేడియోలో వ్యాఖ్యానం విని ఓవర్లతో సహా అప్పజెప్పేది. అలాంటి మనిషి గాజువాక వచ్చాక టీవీ ముందు కూర్చోవడం మానేసింది. దివాణంలో ఒక పద్ధతి ఉండేది. వాకిట్లో వీధినాటకం ఆడినా, హరికథ చెప్పించినా, ఇంటి పెద్దావిడ పూజ ముగించుకుని వచ్చి కుర్చీలో కూర్చుని "ఇక కానీండి" అనేదాకా మద్దెల మీద చెయ్యి పడేది కాదు. మా నాయనమ్మ తర్వాత ఆ కుర్చీ అమ్మకు వచ్చింది. టీవీ ఎవరి కోసమూ ఆగదు కదా. అమ్మ సాయంత్రం దీపం పెట్టి, స్తోత్రం చదువుకుని వచ్చేసరికి ఆట నడుస్తూ ఉండేది. గుమ్మంలోనే ఆగి, "మొదలైపోయిందా? అయితే మీరు చూడండి" అని వెనక్కి వెళ్ళిపోయేది. ఆ మాటలో కోపం ఉండేది కాదు. అదే నాకు భరించరానిది.

ఓడల నుంచి దిగిన సామాను అమ్మే కొట్టు ఒకటి వన్ టౌన్‌లో ఉంది. అక్కడ ఒక రికార్డరు దొరికింది. వస్తున్న ప్రసారాన్ని మీట నొక్కి ఆపవచ్చు, మళ్ళీ నొక్కితే ఆగిన చోటి నుంచే నడుస్తుంది. చందా లేని ప్రభుత్వ డిష్షు ఒకటి డాబా మీద పెట్టించి దానికి కలిపాను. వచ్చే ఛానెళ్ళు తక్కువే. అయినా ఇండియా ఆడే మ్యాచ్ వస్తుంది. అది చాలు.

ఏజెంటు డాబా వైపు చూసి నవ్వాడు. "వందల ఛానెళ్ళు వొదిలీసి, ఓడలో పారీసిన డబ్బా తెచ్చినావా బావా?"

"ఈ డబ్బా మా అమ్మ కోసం ఆగుతుంది. నీ వందల్లో ఆగేది ఒక్కటి చూపించు."

ఆ శుక్రవారం మ్యాచ్. మొదటి బంతి వెయ్యకముందే ఆపేశాను. అమ్మ పూజ ముగించుకుని వచ్చింది. తెరమీద బౌలరు చేతిలో బంతితో కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆమె కాసేపు అతన్నే చూసింది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుని, కొంగు భుజం మీదికి లాక్కుని, "ఇక కానీ" అంది. బౌలరు పరుగెత్తాడు.

మధ్యలో ఆమె భోజనానికి లేస్తే మళ్ళీ ఆపాను. అందుకే వీధిలో టపాసులు పేలేటప్పటికి మా తెరమీద ఇంకా ఓవర్లు మిగిలి ఉన్నాయి.

"ఎవరింట్లోనో పెళ్ళి" అంది అమ్మ, తెరమీంచి చూపు తిప్పకుండా.

అంతలో ఏజెంటు గుమ్మంలోకి వచ్చి, "బావా..." అని నోరు తెరిచాడు. నేను లేచి అడ్డం నిలబడ్డాను.

"మా ఇంట్లో ఆట ఇంకా అవ్వలేదు. చెప్పాలనుకుంటే వెళ్ళిపో. చూడాలనుకుంటే కూర్చో."

అతను నా భుజం మీదుగా లోపలికి చూశాడు. కుర్చీ చివరికి జరిగి, పిడికిళ్ళు బిగించి కూర్చున్న అమ్మను చూశాడు. చెప్పులు విప్పి, లోపలికి వచ్చి నేలమీద కూర్చున్నాడు.

అమ్మ అతని వైపు తిరిగింది. "నెగ్గుతామంటావా నాయనా?"

వీధిలో ఇంకో సరం పేలింది. అతను తెర వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఏటో అమ్మా," అన్నాడు, "సూడాల."