కొసరు ఆయిల్

ఇంజన్ ఆయిల్ కొని లీటరు కొసరు రాబట్టిన మొనగాణ్ణి గోదావరిఖని మొత్తంలో నేనొక్కణ్ణే. వృథా ఎందుకని దాన్ని కూడా అప్పటికే నిండిన నా డీజిల్ జీపు ఇంజన్‌లో పోశాను.

మా మెకానిక్ చాచా భుజాన ఎప్పుడూ తడి గోనెపట్టా ఉండేది. "ఏంది చాచా, ఎడ్లను కడుగుతున్నవా?" అని వెక్కిరించేవాణ్ణి. నవ్వేవాడు.

ఆ రోజు ఆయన షెడ్డు ముందు జీపు ఆపి తాళంచెవి తిప్పి బయటికి తీశాను. ఇంజన్ ఆగలేదు. తెల్లపొగ కక్కుతూ ఇంకా ఇంకా అరిచింది.

"చాచా! ఆగుతలేదు, పేలిపోతది!"

"అది డీజిల్ కాదు సేఠ్, ఆయిల్ తాగుతున్నది. ఊపిరి బంద్ చెయ్యాలె. దూరం జరుగు!"

గాలి గొట్టం ఊడబెరికి, ఇంజన్ గాలి పీల్చే మూతికి తడిగోనె అదిమిపట్టాడు. మణికట్టు కాలుతున్నా చెయ్యి తీయలేదు. ఇంజన్ దగ్గి దగ్గి ఆగింది.

"ఎంత ఎక్కువ పోసినవ్?"

"లీటరు... కొసరు."

"కొసరు ఉప్పుల అడుగు, పప్పుల అడుగు. ఇంజన్‌కు గీత ఉంటది సేఠ్."

మూడొందలన్నాడు. నా నోరు ఊరుకోక రెండొందల యాభై అంది. నవ్వుతూ తీసుకున్నాడు.

ఇప్పుడా షెడ్డు లేదు, చాచా లేడు. లెక్క మాత్రం ఉంది: కొసరులో మిగిలింది లీటరు ఆయిల్ ధర, రెండు వందలు, ఖర్చు రెండు వందల యాభై. ఆయన మణికట్టు మీది మచ్చకు నేనిచ్చింది సున్నా.