స్క్రూడ్రైవరుతో వినే చెవి

మెకానిక్కుకు కుడిచెవి వినపడదు. అయినా నాలుగు చక్రాలూ లాగే బండి మొరాయించిందంటే, లిఫ్టు మీదికెత్తి, ఇంజను నడిపిస్తూ, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను వెనక ఇరుసుకు ఆనించి, పిడిని ఆ చెవి వెనక ఎముకకే నొక్కుకుంటాడు. ఊపిరి బిగబట్టి, జబ్బు ఏ చక్రం దగ్గరుందో చెప్పేస్తాడు. ఆ రోజు తమ్ముడి కూతురి బండి వంతు. వెనకవైపు ఏదో నములుతున్నట్టు వినిపించి, "కొండదారికి పనికిరాదమ్మా" అన్నాడు.

"డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటైనా వెలగలేదు పెదనాన్నా! చంటాడితో సాయంత్రానికల్లా చేరాలి. నీ చెవిని నమ్ముకుంటే తెల్లారినట్టే, తాళం ఇటివ్వు."

ఆయన ఇంజను ఆపాడు. నాలుగు చక్రాలూ ఆగేదాకా చూసి, స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చాడు. "నువ్వే విను."

ఆమె నవ్వుతూనే మొనను ఇరుసుకు పెట్టి, పిడికి చెవి ఆనించింది. కదలని ఇరుసులో ఏదో ఇంకా నెమ్మదిగా నములుతూనే ఉంది. భుజాన ఉన్న చంటాడి సంచిని చప్పుడు కాకుండా కింద పెట్టింది.