రోలు మిగిలితే టైలరమ్మ

టైలరమ్మకు మొగుడి మీద ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి! అద్దెకిచ్చినాయన కొట్టు ఖాళీ చేయమన్నాడు. ఇన్నేళ్ళూ తను తొక్కిన కుట్టు మిషనును కొనుక్కున్నవాళ్ళు వ్యాను వేసుకుని గుమ్మంలో దిగారు. అది వెళ్ళిపోయేలోగా దాని ముందు కూర్చుని ఒక్క ఫోటో దిగాలని ఆవిడ కోరిక. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుణ్ణి నోరు తెరిచి అడిగిన ఫోటో అదొక్కటే.

మొగుడేమో ఫోటోగ్రాఫరు. ఇంట్లో ఆవిడ ఫోటోలు డబ్బాడు ఉన్నాయి, కాదనం. కానీ అవన్నీ, ఫిల్ము రోలు చివర రెండో మూడో మిగిలిపోతే, త్వరగా కడగడానికి ఇచ్చేయాలని ఆవిడ మొహాన కొట్టేసినవే. ఒకదాంట్లో చీపురు, ఇంకోదాంట్లో ఆవలింత. ఒక్కదాంట్లోనైనా తల దువ్వుకుని ఉంటే ఒట్టు.

ఇప్పుడు ఫిల్ము పోయి, కూతురు కొనిచ్చిన డిజిటల్ కెమెరా వచ్చింది. చాదస్తం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఫోటో ఫిల్ములా రావాలంటే ఫిల్ములాగే తీయాలట! పొద్దున్నే వెలుతురును బట్టి ఒక ఐఎస్‌ఓ అంకె పెట్టాడంటే, పాత రోలులోలాగే ముప్పై ఆరు ఫోటోలయ్యేదాకా దాన్ని ముట్టుకోడు. ఇవాళ ఎండలో పనుందని రెండొందలు పెట్టుకున్నాడు. కొట్టులో ఉన్నదేమో ఒకే ఒక్క ట్యూబ్‌లైటు.

"ఈ వెలుతురుకి రెండొందలు చాలదే. చెయ్యి కదిలిందంటే ఫోటో అలుక్కుపోతుంది. పదహారొందలు కావాలి. కాస్త గరుకు చుక్కలు తేలినా ఫిల్ము గరుకులాగే ఉంటుంది," అన్నాడాయన.

"అయితే మార్చు నాన్నా! కెమెరా మీదున్న ఆ చక్రం తిప్పితే సరిపోయె!" కూతురు నెత్తి కొట్టుకుంది.

"రోలు మధ్యలోనా? ఇంకా నాలుగున్నాయి."

"అసలు అందులో రోలెక్కడుంది నాన్నా!"

వ్యానువాళ్ళు మిషనును చెరో పక్కా పట్టుకుని లేపారు. టైలరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. "కానివ్వండి, అలవాటేగా! ఆ నాలుగూ నా మొహానే కొట్టి తగలెయ్యండి," అంది.

ఆయన కెమెరా ఎత్తాడు. గుమ్మంలో చెప్పుల్ని ఫోటో తీశాడు. తలుపు గొళ్ళేన్ని ఇంకో ఫోటో తీశాడు. గుడ్డముక్కల బుట్టనీ, గుర్రుగా చూస్తున్న కూతుర్నీ తీశాడు. అప్పుడు చక్రాన్ని పదహారొందలకు తిప్పాడు.

"మిగులు అయిపోయింది. కొత్త రోలు నీతోనే మొదలు. కూర్చో," అన్నాడు.

టైలరమ్మ వ్యానువాళ్ళ మీద విరుచుకుపడింది. "దించండయ్యా ముందు!"

తల దువ్వుకుంది. టేపు మెడలో వేసుకుంది. ఒక గుడ్డముక్క సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. కెమెరా టిక్కుమంది.

"అయిపోయింది, ఇక తీసుకెళ్ళండి," అన్నాడాయన వ్యానువాళ్ళతో.

"ఏవిటి అయిపోయేది? రోలు మధ్యలో వదిలేస్తారా? ఇంకా ముప్పై అయిదున్నాయి!" అని కసిరి, టైలరమ్మ మిషను తొక్కుతూనే ఉంది.