బైబిల్లో హిందీ కాగితం

అండమాన్ దీవుల్లో, మాయాబందర్‌లోని మా తెలుగు చర్చిలో పిల్లలకు వంతులుండేవి. ఆదివారం ఎవరి వంతు వస్తే వాళ్లు అందరి ముందూ నిలబడి బైబిల్లో ఒక కీర్తన చదవాలి. నా వంతు వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లు. బళ్లో చెప్పింది హిందీయే. తెలుగు గలగలా మాట్లాడేదాన్ని, చదవమంటే మాత్రం నోరు పెగిలేది కాదు. అందుకని అమ్మ చెబుతుంటే విని, కీర్తనంతా హిందీ అక్షరాల్లో రాసుకుని, ఆ కాగితం బైబిల్లో పెట్టుకున్నాను. మహా తెలివైనదాన్ననుకున్నాను.

సగం చదివేసరికి ఫ్యాను గాలికి కాగితం ఎగిరి ముందు వరసలో పడింది. అక్కడున్న పెద్దాయన తీసి చూసి నవ్వాడు. అందరూ నవ్వారు. సంఘపెద్ద అయిన మా నాన్న తల దించుకున్నాడు. ఇంటికెళ్లాక నన్ను మోకాళ్ల మీద నిలబెట్టాడు.

"దేవుడి పుస్తకంలో దొంగ కాయితం పెట్టినావేటే? చూడు, ఏటవుద్దో!"

ఆ వారంలోనే అమ్మ నూతి దగ్గర జారిపడింది. కడుపులో బిడ్డ పోయింది. ఆస్పత్రి వరండాలో నాన్న ఏడుస్తూ నావైపు చూసి, "నీ పాపమే తగిలినాదే," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. తర్వాత ఆయన మరిచిపోయాడనుకుంటాను. నేను మరవలేదు.

పెళ్లయి పోర్ట్ బ్లెయిర్‌లో లంబాలైన్ పేటకి వచ్చాక కూడా అంతే. ఓడ ఆలస్యమైనా, పాలు విరిగినా, ఆ వారం నేనాడిన అబద్ధాలు వెతుక్కునేదాన్ని. గుండె దడదడలాడేది. డాక్టరమ్మ ఇది ఆందోళన జబ్బని చెప్పి మాత్రలు రాసింది. విశ్వాసం లేని మనిషినంటారని వాటిని పప్పుడబ్బాలో దాచాను. అలా దాచడం కూడా మోసమేగా అని మళ్లీ దడ.

ఇదంతా చెప్పుకోవడానికి నాకు పెద్దగా సిగ్గు లేదు. సిగ్గుపడేది ఇంకొకటుంది.

మా ఆయన్ని జ్వరంతో ఆస్పత్రిలో చేర్చిన రోజు, వంటింట్లో ఏడేళ్ల నా కూతురి భుజాలు పట్టుకుని కుదిపేశాను. "ఈ వారం ఏం అబద్ధమాడినావు? చెప్పు!" అచ్చం మా నాన్న గొంతు.

అది మోకాళ్ల మీదికి దిగింది. నేను దిగమనలేదు.

"టిఫిన్లో రొట్టె కుక్కకి పెట్టేసి, తినేసినానని చెప్పినాను. నాన్నకి నా వల్లే జ్వరం వచ్చిందా? సచ్ బోలో, మమ్మీ, నిజం చెప్పు."

కాదు అనాలి. ఒక్క మాట. దాన్ని దగ్గరకు తీసుకున్నాను, తల నిమిరాను, ఏడ్చాను. ఆ మాట మాత్రం అనలేకపోయాను. అప్పుడు నేను కూడా ఆ రొట్టె గురించే ఆలోచిస్తున్నాను.