నేను కట్టిన పంకా నేనే దింపాను

ఈ రోజు గుమాస్తా గారింట్లో పంకా లాగే తాడు మార్చడానికి వెళ్లాను. నిచ్చెనెక్కి కొక్కెం కదిపితే దూలంలోంచి పొడి రాలింది. చెదలు! సరిగ్గా పంకాకున్న ఆ బరువు కర్ర కిందే ఆయన కూతురు పసిగుడ్డుతో పడుకునుంది.

"అమ్మా, ముందు బిడ్డని తీసుకుని అవతలికి నడు" అన్నాను.

గుమాస్తా గారు పరుగున వచ్చారు. "పదేళ్లు చూసుకోనక్కర్లేదని నిరుడు నువ్వే కదయ్యా అన్నావు?"

"అన్నానండి. దూలాన్ని సుత్తితో కొట్టి చూడకుండానే అన్నాను. తప్పు నాదే."

నలభై ఏళ్ల పనిలో ఆ మాట నా నోట రావడం ఇదే మొదలు.

పంకా దింపేసి ఇంటికొచ్చాను. అన్నం తినకుండానే ఈ చీటీ రాస్తున్నాను. నిరుడు ధవళేశ్వరంలో ఇంకో నాలుగిళ్లలోనూ ఇలాగే పైపైన చూసి పంకాలు కట్టాను. ఆ ఇళ్లవాళ్లకే ఈ చీటీ; ఎవరిళ్లో మీకే తెలుసు. ఈ వడ్రంగి ముసలాడి పని అయిపోయిందని నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ముందు మంచాలు పక్కకి జరపండి. పొద్దున్నే వస్తాను.