ఇంజన్ దీపమూ నా తాళంచెవీ

కారులో వేగం చూపించే ముల్లు పక్కన చిన్న ఇంజన్ బొమ్మ ఒకటి ఉంటుంది. అది నారింజ రంగులో వెలిగితే ఇంజన్‌లో ఏదో తేడా ఉందని కారు తయారుచేసినవాళ్ల ఉద్దేశం. మా ఇంట్లో దాని అర్థం వేరు. అమ్మ ఇక కారు నడపకూడదు.

ఆ అర్థం కనిపెట్టింది మా అబ్బాయి. పాశమైలారం దగ్గర ఒక కంపెనీలో క్వాలిటీ అధికారి. అక్కడ ఏ తప్పు జరిగినా మూలకారణం వెతకడం వాడి పని. "ఎందుకు" అని వరుసగా ఐదుసార్లు అడిగితే ఎంతటి తప్పుకైనా వేరు దొరుకుతుందట. కొత్తగా చేరినవాళ్లకు క్లాసు తీసుకుని మరీ ఇది చెబుతాడు. బీరంగూడలో మా ఇంటికి వచ్చే చుట్టాలకు ఆ క్లాసు టీతో పాటు ఉచితం.

నేను ఉద్యోగమంతా ఒక ఫ్యాక్టరీ టెస్టింగ్ సెక్షన్‌లో, మీటర్ల ముందు గడిపాను. కారు నేర్చుకున్నది రిటైరయ్యాక, అరవై ఒకటో ఏట. ప్రతి గురువారం నేనే నడుపుకుంటూ సంగారెడ్డిలో మా అక్క ఇంటికి వెళతాను. ఆమెకు మోకాళ్లు పోయాయి, గడప దాటి రెండేళ్లు దాటింది. ఇద్దరం పచ్చీసు ఆడతాం. ఆమె గవ్వలు వేసేటప్పుడు దొంగాట ఆడుతుంది, నేను పట్టుకుంటాను, ఆమె ఒట్టు వేస్తుంది. భోంచేసి, చీకటి పడకముందే తిరిగి వస్తాను. ఆ ఒక్క రోజు కోసం ఆమె మిగతా ఆరు రోజులు ఎదురుచూస్తుంది. నేనూ అంతే.

దీపం మొదటిసారి వానలు మొదలైన నెలకు, ఒక ఆదివారం వెలిగింది. ఇస్నాపూర్‌లో మాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. పనిమంతుడే కానీ, ఈమధ్య స్కానర్ కొన్నాక ఇంజన్ వైపు చూడటం మానేశాడు. స్కానర్ తగిలించి, దాని తెర మీద అక్షరాలు చదివి, తీర్పు చెప్పాడు.

"ఆక్సిజన్ సెన్సర్ ఖరాబ్ అమ్మా. మార్చేస్తె ఖతం."

పొగగొట్టం మొదట్లో ఉంటుందా సెన్సర్. కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇంజన్ కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. దాని మాట విని కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. సెన్సర్ తప్పు చెబితే పెట్రోలు వృథా అవుతుంది. అది నాకు అప్పటికే తెలుసు. ట్యాంకు నింపిన ప్రతిసారీ మైలేజీ లెక్క కడతాను కాబట్టి, పదిహేడు ఇచ్చే బండి పదమూడుకు దిగిందని దీపం కంటే ముందే ఇంట్లో చెప్పాను. ఎవరూ వినలేదు. నేను దీపాన్ని కాను కదా.

సెన్సర్ మార్చారు. దీపం ఆరింది. మూడు వారాలకు మళ్లీ వెలిగింది, మళ్లీ ఆదివారమే.

"పోయినసారి వేసిన మాల్ డూప్లికేట్ ఉండొచ్చు, ఈసారి అస్లీ తెప్పిస్త," అన్నాడు మెకానిక్. అస్లీ వచ్చింది, దీపం ఆరింది. మా అబ్బాయి నన్ను కూర్చోబెట్టి ఒప్పందం చేశాడు.

"అమ్మా, బండి ముసలిదైంది. నేను ఇంకొకరి సంగతి మాట్లాడుతలేను, బండి సంగతే. మళ్ల లైట్ వచ్చిందనుకో, తాళంచెవి నాకిచ్చెయ్. అమ్మేద్దాం. పెద్దమ్మకాడికి బస్సుల పోవచ్చు."

"నువ్వెప్పుడన్న ఎక్కినవారా ఆ బస్సు?" అన్నాను.

"అందుకే గదా కొనుక్కున్నం కారు," అంది మా కోడలు లోపలి నుంచి. మావాడు వినిపించుకోలేదు.

తర్వాతి సోమవారం పొద్దున దీపం వెలిగింది. తాళంచెవి వాడి జేబులోకి వెళ్లింది. అక్కకు ఫోన్ చేసి గురువారం రాలేనని చెప్పాను.

"మీవోడు కంపెనీల ఏం పని చేస్తడే?" అంది అక్క.

"తప్పులు ఎందుకైతయో కనిపెడతడు."

"అబ్బో. ఇంట్ల తప్పులకు మస్తు సెలవులిచ్చిండు," అని ఫోన్ పెట్టేసింది. ఆ పెట్టేయడంలో కోపం లేదు. అదే నాకు బాధ కలిగించింది.

బుధవారం వెల కట్టడానికి బండిని షెడ్డుకు తీసుకెళతానని మెకానిక్ వచ్చాడు. బండి చేయి దాటేముందు ఒకసారి ఎక్కుతానని పక్క సీట్లో కూర్చున్నాను. ఇస్నాపూర్ షెడ్డుకు చేరాక దిగలేదు.

"బేటా, రెండు సెన్సర్లు మార్చినవు. వైరు సూసినవా?"

"మిషిన్ల సెన్సర్ అని వచ్చిందమ్మా."

"సెన్సర్ అని రాలే. సెన్సర్ సర్క్యూట్‌ల వోల్టేజి తక్కువ అని వచ్చింది. నేను చదివిన. అది ఏ గల్లీల దొంగతనం జరిగిందో చెప్పింది, దొంగ పేరు చెప్పలే. ఇంజన్ స్టార్ట్ చేసి వోల్టేజి చూపెట్టు."

"అమ్మా, జెర గిరాకీ టైమ్..."

"నాకేం తొందర లేదు. రేపు గురువారం, అయినా ఎక్కడికి పోయేది లేదు."

అతను నిట్టూర్చి స్కానర్ తగిలించాడు. ఇంజన్ వేడెక్కాక అంకె పాయింట్ ఒకటి నుంచి పాయింట్ తొమ్మిది దాకా ఎగురుతూ దిగుతూ ఉంది. సెన్సర్‌కు ఏ జబ్బూ లేదు. ఇక వైరును ఒక కర్రపుల్లతో కదుపుతూ రమ్మన్నాను, పొగగొట్టం కాలుతుంది కాబట్టి దూరం నుంచి. సెన్సర్ దగ్గర కదిపాడు, అంకె ఆడుతూనే ఉంది. కొంచెం ముందుకు వచ్చాడు, ఆడుతూనే ఉంది. బండి ముందుండే జాలీ వెనక కదపగానే అంకె సున్నాకు పడి, అక్కడే కూర్చుంది.

"యా అల్లా," అన్నాడు మెకానిక్. టార్చి తెచ్చి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, నవ్వాలో వద్దో తెలియక, "అమ్మా, మీరే సూడుండ్రి," అన్నాడు.

సెన్సర్ వైరుకు గాజులు తొడిగినట్టు సన్నని ఇనుప బైండింగ్ వైర్లు చుట్టి ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, పాతవి తుప్పుతో, కొత్తది మెరుస్తూ. ప్రతిదీ వైరునూ, దాని పక్కనున్న ఇనుప పట్టీనీ కలిపి బిగించి ఉంది. బండి ఊగినప్పుడల్లా రాసుకుని, పై తొడుగు తెగి, లోపలి రాగి ఇనుముకు తగులుతోంది. కొత్త వైరు చివర జాలీ బయట ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి.

అప్పుడు నాకు తారీఖులు కలిశాయి. మావాడు ప్రతి శనివారం సాయంత్రం బండికి దిష్టి దండ కడతాడు. దారంతో కడితే వానకు కుళ్లి హైవే మీద పడిపోతోందని, హార్డువేరు షాపు నుంచి బైండింగ్ వైరు తెచ్చి, "ఇప్పుడు జన్మల పడది" అని నాకే చూపించాడు. ఎండిన నిమ్మకాయ తీసేవాడు, బిగించిన వైరును వదిలేసేవాడు. ప్రతి శనివారం ఒక గాజు పెరిగింది. దీపం వెలిగినప్పుడల్లా బండికి దిష్టి తగిలిందని ఇంకాస్త గట్టిగా బిగించాడు.

మెకానిక్ వైర్లన్నీ కత్తిరించి, తెగినచోట అతికి, టేపు చుట్టాడు. అంకె మళ్లీ ఆడింది. "భాయ్‌సాబ్‌కు నేను చెప్పాల్నా?" అన్నాడు. నేను చెబుతానన్నాను.

మర్నాడు పొద్దున దోశల పళ్లెం పక్కన ఆ తుప్పు వైర్ల కట్ట పెట్టాను.

"ఏందమ్మా ఇది?"

"మీ క్లాసు. దీపం ఎందుకు వెలిగింది?"

వాడు కట్టను తిప్పి చూశాడు. వైరు చివరున్న మిరపకాయను గుర్తుపట్టాడు. "సెన్సర్ సిగ్నల్ పోయింది," అన్నాడు నెమ్మదిగా.

"ఎందుకు పోయింది?"

"వైరు కోసుకపోయి బాడీకి తగిలింది."

"ఎందుకు కోసుకపోయింది?"

"బైండింగ్ వైరు బిగించిన్రు గాబట్టి."

"ఎవరు బిగించిన్రని అడుగుతలేను. మనుషుల మీద వేలు చూపొద్దని మీ క్లాసుల చెప్తవు గదా. ఎందుకు బిగించిన్రు?"

కోడలు చట్నీ గిన్నెతో లోపలికి వెళ్లింది. నవ్వు ఇక్కడికే వినిపించింది.

"నిమ్మకాయ పడిపోవద్దని."

"నిమ్మకాయ ఎందుకు?"

వాడు దోశ ముక్క చట్నీలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నువ్వు హైవే మీద ఆ లారీల నడుమ పోతుంటే నాకు భయమైతదమ్మా," అన్నాడు చివరికి. "గురువారం పది గంటలకు మీటింగ్ ఉంటది. ఎవరేం చెప్పిన్రో ఒక్క ముక్క తెల్వది. ఫోన్ దిక్కే సూస్కుంట కూసుంట."

ఐదో ఎందుకుకు వేరు దొరుకుతుందని వాడు చెప్పేది నిజమే. నేను ఇంకో దోశ తెచ్చి వేశాను.

"ఇంత భయమున్నోనివి ఫోన్ చెయ్యొద్దారా? అక్క ఇంటి ముందర బండి ఆపంగనే నేనే చేస్త. బండిలో మాత్రం వైరు చుట్టకు."

"మరి దిష్టి దండ?"

"నూలు దారంతో నంబర్ ప్లేటుకు కట్టు. నేను చూసినంకనే బండి కదుల్తది."

"దానికి ఒక పద్ధతి రాసి గోడకు అంటిస్త," అన్నాడు వాడు, ప్రాణం లేచి వచ్చినట్టు. జేబులోంచి తాళంచెవి తీసి, వైర్ల కట్ట పక్కన పెట్టాడు. ఆ కట్టను ఆఫీసు సంచిలో వేసుకున్నాడు. క్లాసులో చూపిస్తాడట. ఎవరింట్లో దొరికిందో చెప్పడట.

గంట ఆలస్యంగా సంగారెడ్డి చేరాను. బండి ఆపి ఫోన్ చేశాను. మొదటి రింగు పూర్తి కాకముందే ఎత్తాడు.

"లైట్ వచ్చిందా అమ్మా?"

"రాలే."

"అంతా అమ్మవారి దయ."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. రాత్రే ఫోన్‌లో సంగతంతా విన్న అక్క గుమ్మం దగ్గర కుర్చీలోంచే, "అవును బిడ్డా, వైరుకు టేపు జుట్టింది గూడ ఆమెనే," అని అరిచి, గవ్వలు చేతిలోకి తీసుకుంది. నేను చెప్పులు విడవకముందే మొదటి దొంగాట ఆడేసింది.